హెలెన్ రొప్పు

గురువారం మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్లో హెలెన్ మైకు ముందు నిలబడి రొప్పుతోంది. తెర మీద బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్ మారథాన్ పరుగెడుతోంది. ఆ పిల్ల నోరు తెరిచినప్పుడల్లా హెలెన్ ఊపిరి తీయాలి, మూసినప్పుడల్లా వదలాలి. తెలుగు రాని హీరోయిన్లకు మాట, ఏడుపు, నవ్వు ఇవ్వడమే చాలా ఏళ్లుగా ఆమె బతుకుతెరువు. మాటలు కాని చప్పుళ్లన్నిటికీ ఆ థియేటర్లో ఒకటే పేరు, రియాక్షన్లు.

"బాగుందండీ, కానీ..." అన్నాడు అద్దం అవతలి నుంచి డైరెక్టర్ ఓంప్రకాష్. "కొంచెం తీయగా కావాలి. వింటుంటే ఆడియన్స్‌కి ఒంట్లో ఏదో అవ్వాలి."

హెలెన్ మళ్లీ రొప్పింది.

"ఇంకా. పరిగెడుతున్నట్టు కాదు. మీకు అర్థమవుతోందిగా?"

అర్థమవుతోంది. అదే కంపరం. కథలో ఆ పిల్ల చనిపోయిన తండ్రి కోసం పరుగెడుతోంది. కెమెరా మాత్రం ఆమె ముఖం మీద నిమిషం కూడా నిలవకుండా ఒంటి మీద ఈగలా వాలుతూ లేస్తూ తిరుగుతోంది. ఆ ఈగ రొదకి తన ఊపిరి జత చెయ్యాలి. హెలెన్ హెడ్‌ఫోన్ తీసేసింది.

"సార్, ముప్ఫై కిలోమీటర్లు పరిగెత్తిన ఆడమనిషి ఇలా రొప్పదండీ. నోరెండిపోయి, గొంతులో గరగరమని, ఎండలో కుక్క రొప్పినట్టు ఉంటుంది. నేను పరిగెడతాను కాబట్టి చెబుతున్నాను."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఓంప్రకాష్ కళ్లు మెరిశాయి.

"మీరు రన్నరా? ఈ ఆదివారం సిటీలో మారథాన్ ఉందిగా! మీకో చిన్న కాలర్ మైకు పెట్టేద్దాం. ఒరిజినల్ సౌండ్ దొరుకుతుంది. తీపి సంగతి మిక్సింగ్‌లో మేం చూసుకుంటాం."

"వద్దు సార్. అది నా సొంత పరుగు."

"ఊపిరేగా మేడమ్, ఏం పోతుంది?"

"నా ఊపిరండీ. ఇవ్వను."

డబ్బింగ్ పనులు చూసే అరుణ్ కుమార్ మధ్యలోకి వచ్చి, "వదిలేయండి సార్, అక్క ఇష్టం" అని సర్దేశాడు. అతనూ హెలెనూ వెంగళరావు నగర్ దగ్గర ఒకే చర్చికి వెళ్తారు. అతను కాయిర్‌లో పాడతాడు, క్రిస్మస్‌కి ఆమె తల్లి మార్తమ్మ చేతి అరిసెలు తింటాడు. హెలెన్ కళ్లతోనే అతనికి థ్యాంక్స్ చెప్పి, ఆ రోజుకి మిగిలిన పని ముగించుకుని, ఇంటికెళ్లి ఉప్పునీళ్లతో చాలాసేపు పుక్కిలించింది.

ఆమె పరుగు మొదలుపెట్టిందే ఈ రోత వల్ల. రియాక్షన్లు ఇచ్చిన రోజు రాత్రి తన గొంతు ఎవరో వాడేసి ఇచ్చిన దువ్వెనలా ఉండేది. పరుగెత్తేటప్పుడు వచ్చే చప్పుడు మాత్రం అచ్చంగా తనది. ఎవరి పెదాలకీ సరిపోనక్కర్లేదు, ఎవరికీ నచ్చక్కర్లేదు.

కేబీఆర్ పార్కు బయటి నడకదారి మీద ఆమెకు బాలమణి తోడైంది. బాలమణికి యాభై దాటాయి. యూసుఫ్‌గూడలో కర్రీ పాయింట్ నడుపుతుంది. షుగరొచ్చిందని డాక్టరు నడవమంటే, "నడుసుకుంట ఎప్పుడు వోవాలె ఇంటికి?" అని ఉరకడం మొదలుపెట్టిన మనిషి. సల్వారు మీద మొగుడి పాత టీషర్టు, నుదుట పెద్ద బొట్టు, కూర లేదన్నా గిరాకీ తిరిగిపోకుండా ఆపగల నోరు.

కిందటేడు ఇద్దరూ కలిసి మొదటి మారథాన్ పరుగెత్తారు. జనం ఊపుకి హెలెన్ సగం దూరం ఎగురుకుంటూ పోయింది. తర్వాత బంజారా హిల్స్‌లో పిక్కలు పట్టేసి, ఎవడో ఉచ్చ పోసిన గోడకి చేతులానించి ఏడ్చింది. నడుస్తూ, కుంటుతూ చేరేసరికి నాలుగుంబావు గంటలు పట్టింది. బాలమణి ఆమె వెనకాలే చేరింది. ఈసారి నాలుగు గంటల లోపు ముగించాలని ఇద్దరూ ఒట్టేసుకున్నారు.

"పప్పు పెద్దమంట మీద వెడితే ఏమైతది చెల్లె?" అనేది బాలమణి సాధన చేసే పొద్దుల్లో. "పైన పొంగుతది, అడుగు మాడుతది, నడుమ ఉడకది. సిమ్ముల వెట్టాలె. ఉరుకుడు గూడ గంతే."

సిమ్ములో ఉన్నామో లేదో తెలుసుకోవడానికి హెలెన్ దగ్గరొక ఉపాయం ఉంది. పరుగెడుతూ ఒక పొడుగాటి డైలాగు మధ్యలో తెగకుండా చెప్పగలిగితే వేగం సరైనదే. తెగిందంటే మంట ఎక్కువైనట్టు. ఆరు నెలలు అలా మంట తగ్గించడమే నేర్చుకుంది. వేగంగా పోవడం కన్నా అది కష్టంగా ఉండేది.

ఆదివారం ఇంకా తెల్లవారకముందే గచ్చిబౌలి వైపు నుంచి పరుగు మొదలైంది. మైకుల్లో సినిమా పాటలు, ఒకరి వీపు మీద ఒకరి చెమట, నొప్పుల మందు ఘాటు. తుపాకి పేలగానే జనం విరుచుకుపడ్డట్టు పోయారు. హెలెన్, బాలమణి మాత్రం పెళ్లి భోజనాల దగ్గర రెండో పంక్తికి ఆగినవాళ్లలా మెల్లగా కదిలారు. పొట్టలున్న మగవాళ్లు, పెర్‌ఫ్యూమ్ కొట్టుకున్న కుర్రాళ్లు, ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకునేవాళ్లు, అందరూ దాటిపోతున్నారు.

"వోనీ," అంది బాలమణి. "మల్ల గలుస్తరు."

టోలిచౌకి చేరేసరికి వెలుగొచ్చింది. రాత్రి తిన్న బిర్యానీ ఎముకలు, ప్లాస్టిక్ కవర్లు, ఇంకా ఊడ్వని రోడ్డు. నాలా దగ్గర కంపుకి ముక్కు మూసుకుందామంటే ఊపిరి కావాలి. ఆ కంపునే గుండెల నిండా పీల్చుకుంటూ పోవాలి. ముందువాడు ఎవడో పక్కకి చూడకుండా ఉమ్మితే గాలికి వచ్చి హెలెన్ మోచేతి మీద పడింది. తుడుచుకుంది. వేగం పెంచి వాడిని దాటిపోవాలనిపించింది కానీ పెంచలేదు. కిలోమీటరుకి అయిదు నిమిషాల నలభై సెకన్లు, అంతే. కోపానికి కూడా ఆ లెక్కలోంచే ఖర్చు పెట్టాలి.

సగం దూరం దాటాక బాలమణి చెప్పినట్టే వాళ్లు కలవడం మొదలైంది. పెర్‌ఫ్యూమ్ కుర్రాళ్లు నడుము పట్టుకుని నడుస్తున్నారు. హెలెన్ డైలాగు చెప్పి చూసుకుంది. తెగలేదు. తొడలు బరువెక్కాయి కానీ కిందటేడు లాగా కొయ్యబారలేదు. నీరసం రాకుండా నిర్వాహకులిచ్చిన జెల్ పొట్లం చింపి నోట్లో పిండుకుంది. దగ్గు మందులో పంచదార కలిపి ఎండబెట్టినట్టు, పళ్లకీ అంగిలికీ అతుక్కుని దిగదు. కక్కొచ్చింది. మింగింది.

ఫిల్మ్‌నగర్ ఎత్తు మొదలైనచోట వెనక నుంచి ఒక బైకు వచ్చి ఆమె పక్కనే మెల్లగా నడవసాగింది.

ముందు పట్టించుకోలేదు. వీడియోలు తీసేవాళ్ల బళ్లు పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉన్నాయి. ఈ బండికి కూడా అద్దం మీద పాసు అంటించి ఉంది. కానీ కెమెరా లేదు. వెనక కూర్చున్నవాడి చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర బొచ్చు తొడిగిన మైకు. అది చచ్చిన ఉడతలా ఆమె నోటికి మూరెడు దూరంలో ఊగుతోంది. హెలెన్ తల తిప్పి చూసింది. మాస్కు, టోపీ పెట్టుకున్నా ఆ కళ్లు తెలిసినవే. అరుణ్ కుమార్.

ఒక్కసారిగా ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది.

"ఆపు," అంది. ఆ ఒక్క మాటకే లయ తెగింది. "అరుణ్... వద్దన్నాగా..."

అతను వేలు పెదాల మీద పెట్టి, మాట్లాడొద్దన్నట్టు సైగ చేశాడు. మామూలుగా పరిగెత్తక్కా అన్నట్టు చెయ్యి ఊపాడు. థియేటర్లో టేక్ నడుస్తున్నప్పుడు చేసే సైగే అది.

హెలెన్ నోరు మూసుకుంది. ముక్కుతో పీల్చింది. ఎత్తు ఎక్కుతూ ముప్ఫై కిలోమీటర్ల తర్వాత ముక్కుతో ఎవరు బతుకుతారు? ఇరవై అడుగులు పడేసరికి కళ్ల ముందు చుక్కలొచ్చాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. ఖర్ ఖర్ మంటూ ఊపిరి బయటికొచ్చింది, మైకు ఇంకొంచెం దగ్గరికొచ్చింది. ఆగి రాయి తీసుకుని కొట్టవచ్చు. ఆగితే ఆరు నెలలు పోతాయి. అరవవచ్చు. అరిస్తే ఊపిరి పోతుంది, పైగా ఆ అరుపూ వాళ్లకే దొరుకుతుంది. బట్టలు మార్చుకుంటున్న గది తలుపు సందులోంచి ఎవడో చూస్తున్నాడని తెలిసి కూడా మార్చుకోవడం మానలేనట్టుంది ఆమె పరిస్థితి.

"ఎవడు వాడు?" అంది బాలమణి.

"మా... డబ్బింగు... నా రొప్పు... సినిమాకి..."

అంతకన్నా చెప్పలేకపోయింది. బాలమణికి అంతకన్నా అక్కర్లేదు. హెలెన్ థియేటర్లో జరిగింది శుక్రవారమే ఆమెకు చెప్పింది. బాలమణి రెండడుగులు వేగంగా వేసి, హెలెన్‌కీ బైకుకీ మధ్యలో దూరి, మైకుకి తన నోరు ఆనించినంత పని చేసింది.

"ఓ మైకోడా! ఆడోళ్ల ఊపిరి దొంగతనం జెయ్యనీకె వచ్చినవార? థూ, నీ బతుకు పాడుగాను! నీ మైకుల మన్నువడ! నీ ఇంట్ల అక్కచెల్లెండ్లు లేరార? వాళ్ల ముక్కుకాడ వెట్టుపో నీ కట్టె!"

బైకు వెనక్కి తగ్గి హెలెన్‌కి ఎడమవైపు వచ్చింది. బాలమణి కూడా వెనక నుంచి తిరిగి ఎడమవైపు వచ్చింది. మళ్లీ కుడివైపు. మళ్లీ బాలమణి. ఎత్తు మీద అడుగు అడుగూ లెక్కపెట్టుకోవాల్సిన చోట ఆమె అలా అటూ ఇటూ ఉరికింది, తిట్టింది. పక్కన పరుగెడుతున్నవాళ్లు నవ్వారు. నీళ్ల గ్లాసులిచ్చే పిల్లలు నోళ్లు తెరుచుకు చూశారు. తిట్లు అయిపోయాయి. అయినా బాలమణి నోరు మూయలేదు. కొట్లో నిలబడి గిరాకీకి చెప్పినట్టు ఆ పూట కూరలన్నీ అరవడం మొదలుపెట్టింది.

"గుత్తొంకాయున్నది! దోసకాయపప్పున్నది! బోటి కూరున్నది! పచ్చిపులుసున్నది! రాసుకోర కొడుకా, రాసుకో! మటను ఆదివారమే!"

ఆ కేకల కింద హెలెన్ రొప్పు వినబడలేదు. ఆమెకే వినబడలేదు. లయ మెల్లగా తిరిగొచ్చింది. భుజాలు దించింది, చేతులు వదులు చేసింది, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దాకా అనుకుంది, తర్వాత దాని తర్వాతి స్తంభం దాకా. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర పడుతుండగా బైకు నడిపేవాడు ఏదో గొణిగి, బండి తిప్పుకుని పక్క సందులోకి పోయాడు.

బాలమణి అప్పుడే వంగిపోయింది. డొక్క పట్టుకుంది. ముఖం వంకాయ రంగులోకి మారింది.

"అక్కా..."

"డొక్కల వట్టింది. నువ్వు వో."

"ఇద్దరం మెల్లగా..."

"నిలవడ్డవంటే నా తిట్లన్ని వేస్టయితయి. వో అంటున్న!"

హెలెన్ వెళ్లింది. వెనక్కి చూడకుండానే వెళ్లింది. పది అడుగులు వేశాక, ఇక ఎవరికోసమూ వేగం చూసుకోనక్కర్లేదు, ఒంటరిగా పోవచ్చు అని లోపల ఒక చిన్న సంతోషం కదిలింది. దాన్ని చూసి తన మీద తనకే చీదర పుట్టింది. ఆ చీదరతోనే పరుగెత్తింది.

చివరి దూరం ఎలా గడిచిందో తర్వాత ముక్కలు ముక్కలుగానే గుర్తొచ్చేది. పెద్ద బంగళాల గేట్ల వెనక కుక్కలు మొరగడం. ఎత్తు, పల్లం, మళ్లీ ఎత్తు. తడిసిన సాక్సులో ఊడిపోతున్న గోరు. పార్కు గోడ వెంబడి ఒక్కసారిగా కడుపు తిప్పి జెల్ అంతా పైకొచ్చింది. ఆగలేదు. పరుగెడుతూనే పక్కకి వంగి కక్కింది, సగం రోడ్డు మీద, సగం తన టీషర్టు మీద. ఫోన్ పట్టుకుని నిలబడ్డ ఒకావిడ "ఛీ!" అంటూ రెండడుగులు వెనక్కి గెంతింది. పొద్దున్నుంచీ విన్న మాటల్లో హెలెన్‌కి అదొక్కటే నిజమైన మాటనిపించింది. మూతి తుడుచుకుని, డైలాగు చెప్పి చూసుకుంది. రెండు మాటలకే తెగింది. ఇక దాచడానికేం లేదు కనక మంట పూర్తిగా పెంచేసింది.

మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు.

మెడల్ వేసే అమ్మాయి ఆమె టీషర్టు చూసి, మెడలో వేయకుండా చేతికందించింది. హెలెన్ ముగింపు గేటు పక్కన నేల మీద కూలబడింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. ఒంట్లో ఉంది కానీ, ఎంగిలి కంచంలో వడ్డించిన పాయసంలా ముట్టుకోబుద్ధి కాలేదు. బాలమణి వచ్చేసరికి ఎండ ముదిరింది. కిందటేటి కన్నా ఆలస్యంగా, కుంటుకుంటూ వచ్చింది.

"అయిందా నాలుగు లోపట?" అంది రాగానే.

"అయింది అక్కా. కానీ నీది..."

"నాదేడికి వోతది. వచ్చేయేడు జూద్దాం. గిప్పుడు వాని ఆఫీసు యాడున్నదో చెప్పు."

హెలెన్ ఆలోచించనే లేదు. ఆటో ఎక్కారు. కంపుకి డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు. ఫిల్మ్‌నగర్‌లో ఓంప్రకాష్ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కడానికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. లోపల తెల్లటి సోఫాలు, అగరుబత్తి వాసన. ఓంప్రకాష్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అరుణ్ కుమార్ కంప్యూటర్ దగ్గర ఉన్నాడు. పెద్ద స్పీకర్లలోంచి హెలెన్ ఊపిరి గదంతా నిండి ఉంది.

బాలమణి అరవకముందు దొరికిన ముక్క అది. ఎత్తు ఎక్కుతున్న రొప్పు. నోరు మూసుకుని, తట్టుకోలేక తెరిచినప్పటి ఆ మూలుగు. ఓంప్రకాష్ కళ్లు మూసుకుని, తల కొంచెం ఊపుతూ వింటున్నాడు.

హెలెన్ గడపలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఎన్ని రియాక్షన్లు ఇచ్చిందో, వాటిని ఎవరు ఎలా విని ఉంటారో మొట్టమొదటిసారి కళ్లారా చూసింది.

"కండ్లు దెర్వు!" అని గర్జించింది బాలమణి.

ఓంప్రకాష్ ఉలిక్కిపడి లేచాడు. హెలెన్‌ని చూడగానే ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆమెకి తిట్టుకన్నా రోతగా తగిలింది.

"మేడమ్! మాటల్లేవు! ఎంత ప్యూర్‌గా ఉందో! మీ పేరు కూడా టైటిల్స్‌లో వేస్తాం. ఇది ఆర్ట్ అండీ."

హెలెన్ వెళ్లి తెల్ల సోఫాలో కూర్చుంది. చెమట, వాంతి, టోలిచౌకి దుమ్ము, అన్నిటితో సహా వెనక్కి ఆనుకుంది. బాలమణి పక్కన కూర్చుని బూట్లు విప్పి కాళ్లు సోఫా మీదికి చాపింది. ఓంప్రకాష్ ముక్కు ముడుచుకుంది. చెయ్యి మూతి దగ్గరికి వెళ్లబోయి ఆగింది.

"ఇదీ దాంట్లోదేనండీ," అంది హెలెన్. "ఆ ఊపిరి వచ్చిన ఒళ్లు ఇలా ఉంటుంది. పీల్చండి."

ఆమె స్పీకర్ల వైపు చెయ్యి చూపించింది.

"తుడిచేయండి. నా ఎదురుగా. రికార్డు చేసిన ఆ మెమరీ కార్డు నాకివ్వండి. లేదంటే రేపు పొద్దున్నే యూనియన్‌కి వెళ్తాను. వద్దన్న మనిషి వెంట మైకు పట్టుకుని తిరిగారని, రోడ్డంతా చూసిన సాక్షులున్నారని చెబుతాను."

"మీరు చిన్నదాన్ని పెద్దది చేస్తున్నారు. ఊపిరికి ఎవడైనా..."

"మీ సినిమాకి మిగతా సగం కూడా నేను చెప్పను."

ఓంప్రకాష్ ఆమెనీ, సోఫానీ, గోడ మీది రిలీజు పోస్టరునీ చూశాడు. చివరికి అరుణ్ వైపు తిరిగి చెయ్యి విదిలించాడు. అరుణ్ తుడిచేశాడు. కార్డు తీసి తెచ్చి హెలెన్ చేతిలో పెట్టాడు. బాలమణి దాన్ని లాక్కుని వక్క కొరికినట్టు పళ్ల మధ్య పెట్టి పటుక్కుమనిపించింది. రెండు ముక్కలూ బల్ల మీద ఉమ్మింది.

అరుణ్ మెట్ల దాకా వెంట వచ్చాడు. "అక్కా, ఆయన పట్టుబట్టాడు. నీకు తెలియకుండా అయిపోతుందనుకున్నా. తెలియకపోతే నీకు బాధే ఉండేది కాదుగా."

హెలెన్ రెండో మెట్టు మీద ఆగింది. తిట్టాలనుకుంది. సినిమాల్లో వందల తిట్లు చెప్పిన గొంతే. ఒక్కటీ రాలేదు. "నువ్విక మా ఇంటికి రాకు అరుణ్," అని మాత్రం అని, రెయిలింగు పట్టుకుని పక్కవాటుగా దిగిపోయింది.

తుడిచేసినా హెలెన్ మళ్లీ ఆ మైకు ముందుకి వెళ్లలేదు. ఆ సినిమాకి మిగతా సగం ఇంకెవరో చెప్పారు. దాన్ని చూడ్డానికి కూడా ఆమె వెళ్లలేదు. ఇంకో కాపీ వాళ్ల దగ్గర ఉండిపోయిందో లేదో ఆమెకి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. అరుణ్ ఫోన్లు ఆగిపోవడంతో పనులు తగ్గాయి. టీవీ సీరియళ్లలో అత్తగార్లకి చెప్పుకుంటోంది. అత్తగార్లు రొప్పరు. చర్చిలో అరుణ్ పాట మొదలుపెట్టినప్పుడు ఆమె పుస్తకంలోకి చూస్తుంది, కానీ పాడదు. మార్తమ్మ రెండుసార్లు ఎందుకని అడిగి, కూతురి ముఖం చూసి ఊరుకుంది.

పరుగు మాత్రం మానలేదు. వచ్చే ఏడు బాలమణిని నాలుగు గంటల లోపు చేర్చాలని, ఆమెకి అరడుగు ముందు ఉండి వేగం పట్టే బాధ్యత తను తీసుకుంది. కానీ వెనక బైకు చప్పుడైతే చాలు, ఆమె భుజాలు బిగుసుకుంటాయి, నోరు దానంతటదే మూసుకుపోతుంది. వానలు మొదలైన ఒక పొద్దున చెక్‌పోస్టు ఎత్తు మీద అలాగే అయింది. దాటిపోయింది పాలవాడి బండి. హెలెన్ పెదాలు బిగించి ముక్కుతో ఈడుస్తోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నోరు దెరిచి పీల్చు," అంది వెనక నుంచి బాలమణి, కేక వేయకుండా. "నేనున్న గద. వట్టి పాలబండది."

హెలెన్ ఇంకో నాలుగడుగులు అలాగే వేసింది. తర్వాత నోరు తెరిచింది. ఖర్ మంటూ, తడిగా, వికారంగా వచ్చింది ఊపిరి. ఎత్తు ఇంకా చాలా ఉంది. ఇద్దరూ సిమ్ములోనే పోతున్నారు.